తొలిసారి కుక్కనో పిల్లినో పెంచుతున్నారా? ఎక్కువమంది చేసే పొరపాట్లు ఇవే

ముచ్చటపడి తెచ్చుకున్న కుక్కపిల్ల నాలుగైదు రోజులకే తిండి మానేస్తుంది. ఆ తర్వాత వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. కొత్త చోటు కదా, సర్దుకుంటుందిలే అని ఇంట్లోవాళ్లు ఒక రోజు చూస్తారు. పెరుగన్నం పెట్టి ఇంకో రోజు చూస్తారు. పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లేసరికి దాని ఒంట్లో నీరంతా పోయి ఉంటుంది.

పార్వో వైరస్ సోకిన కుక్కపిల్లల విషయంలో తరచూ జరిగేది ఇదే. టీకాతో నివారించగలిగే ఈ జబ్బుకు సకాలంలో చికిత్స అందకపోతే పిల్ల బతకడం కష్టం.

కొత్తగా జంతువులను పెంచేవారు చేసే పొరపాట్లలో చాలావరకు ఇలాంటివే. అవి ప్రేమ లేక జరిగేవి కావు. మనకు మంచిదైతే దానికీ మంచిదే అనుకోవడం వల్ల, తెలుసుకోవాల్సింది ముందే తెలుసుకోకపోవడం వల్ల జరిగేవి.

ఫొటో చూసి జాతిని ఎంచుకోవడం

2003లో వచ్చిన హచ్ మొబైల్ ప్రకటన తర్వాత పగ్ జాతి కుక్కలకు దేశమంతటా గిరాకీ పెరిగింది. ఆ ప్రకటనలో చెప్పని సంగతి ఒకటుంది. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూనే అవి ఒంటి వేడిని తగ్గించుకుంటాయి. ముక్కు అణిగి ఉండే పగ్‌కు ఆ పని సరిగా సాగదు. అందుకే ఎండాకాలంలో దానికి వడదెబ్బ ముప్పు ఎక్కువ. మంచు ప్రాంతాల కోసం పెంచిన సైబీరియన్ హస్కీకి మన మే నెల ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు.

కుక్క సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. ఇంట్లో పెరిగే పిల్లి ఇంకా ఎక్కువ కాలం బతకొచ్చు. రోజూ ఎవరు నడిపిస్తారు, ఊరెళ్తే ఎవరు చూసుకుంటారు, ఇల్లు మారితే ఏం చేస్తారు అన్న ప్రశ్నలకు జవాబులు దొరికాకే తెచ్చుకోవాలి. మన వాతావరణానికి అలవాటుపడిన దేశవాళీ కుక్కను దత్తత తీసుకోవడం మంచి దారి.

రామచిలుక, నక్షత్ర తాబేలు లాంటివి మాత్రం ఇంట్లో పెంచకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

తల్లి నుంచి తొందరగా వేరు చేయడం

చిన్న పిల్ల అయితే బాగా మాలిమి అవుతుందని చాలామంది నెల రోజుల కుక్కపిల్లను కొంటారు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదై ఉండాలి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తోటి పిల్లలతో ఆడుకునే ఆ వారాల్లోనే. కొనేముందు తల్లి కుక్కనూ, అది ఉన్న చోటునూ చూపించమని అడగండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయడమే మేలు.

ఒక్క టీకాతో సరిపెట్టుకోవడం

అమ్మినవారు ఒక టీకా వేయించామని చెప్పగానే చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది. అది ఉన్నంతకాలం టీకా పూర్తిగా పనిచేయకపోవచ్చు. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాలు నిండేవరకు టీకాలు వేయిస్తారు. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు. ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన తేదీల్లో బూస్టర్లు వేయించాలి. నులిపురుగుల మందు కూడా మరవకూడదు.

టీకాల కోర్సు పూర్తయ్యేదాకా వేరే కుక్కలు తిరిగే చోట పిల్లను కింద వదలకండి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అలాగని గదిలో బంధించనూ వద్దు. ఎత్తుకుని వీధి చూపిస్తే మనుషులకూ చప్పుళ్లకూ అలవాటు పడుతుంది.

పెంపుడు పిల్లే కదా అని కాటును వదిలేయడం

ఈ పొరపాటు మనిషి ప్రాణం మీదకు తెస్తుంది. రేబిస్ లక్షణాలు కనిపించాక కాపాడగల చికిత్స దాదాపు లేనట్లే. కుక్కగానీ పిల్లిగానీ కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, పుండు మీద నాకినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం రాయకూడదు. అదే రోజు డాక్టరును కలవాలి. ఈ టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మన ఇంటి కుక్కే కదా, చూద్దాంలే అని ఆగకూడదు.

మన కంచంలోది, మన మందుల డబ్బాలోది పెట్టడం

పాలన్నం, పెరుగన్నంతోనే పెంచితే కుక్కకు కావలసినంత మాంసకృత్తులు అందవు. పిల్లికైతే మాంసాహారం తప్పనిసరి. మాంసంలో ఉండే టారిన్ అందకపోతే దానికి చూపు పోవచ్చు, గుండె దెబ్బతినవచ్చు. శాకాహారం తప్ప వండని ఇల్లయితే పిల్లిని తెచ్చుకునే ముందే ఈ సంగతి ఆలోచించుకోవాలి.

ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలకు ముప్పు. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ కూడా ప్రమాదకరమే.

జ్వరం వచ్చిందని ఇచ్చే ఒక్క పారాసిటమాల్ బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కలకు పిడుదులు పోవడానికి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లులకు విషం. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కున్నా పిల్లికి హాని జరుగుతుంది.

కట్టేయడం, కొట్టడం

రోజంతా గొలుసుతో కట్టేసిన కుక్క కాపలా బాగా కాస్తుందన్నది అపోహ. అది భయంతోనో విసుగుతోనో కరిచే కుక్కగా మారొచ్చు. ఇంట్లో మూత్రం పోసిందని కొడితే, మీరు లేనప్పుడు చాటుగా పోయడం నేర్చుకుంటుంది. తిన్న వెంటనే, నిద్ర లేవగానే బయటకు తీసుకెళ్లి, పని అయ్యాక మెచ్చుకుంటే త్వరగా నేర్చుకుంటుంది. వేసవిలో నడక పొద్దున్నే లేదా చీకటి పడ్డాకే. అరచేయి ఆనించలేనంతగా రోడ్డు కాలుతుంటే దాని పాదాలూ కాలతాయి. అపార్ట్‌మెంట్లో పిల్లి ఉంటే బాల్కనీకి వల కట్టించాలి.

తిండి ముట్టకపోవడం, ఆగని వాంతులు, పాలిపోయిన చిగుళ్లు, పిడుదులు పట్టిన కుక్కకు జ్వరం, మగపిల్లి మూత్రం రాక ముక్కడం. వీటిలో ఏది కనిపించినా మర్నాటిదాకా ఆగకండి.

చివరికి వీధిలో వదిలేయడం

ఖర్చు భారమైనప్పుడు, బదిలీ అయినప్పుడు, ఇంటి యజమాని వద్దన్నప్పుడు కొందరు జంతువును ఊరి చివర వదిలేస్తారు. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో బతకడం తెలియదు. ఆకలితో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి చేసిన తప్పుకు ఆ చట్టంలో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అంటే ఆ జంతువుకు చట్టం ఇచ్చే రక్షణ కన్నా యజమాని ముందుచూపే పెద్ద రక్షణ.

పెంపుడు జంతువుకు టీకాలు, నులిపురుగుల మందు, స్టెరిలైజేషన్ ఆపరేషన్ చేయించే బాధ్యత యజమానిదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. ఆపరేషన్‌కు ముందు ఆడకుక్క ఒక్క ఈతైనా ఈనాలన్న నమ్మకానికి వైద్యపరంగా ఆధారం లేదు. హైదరాబాద్, చెన్నై, దిల్లీ లాంటి నగరాల్లో పెంపుడు కుక్కను నగరపాలక సంస్థ వద్ద నమోదు చేయించాలి.

కుక్కపిల్లకు పేరు ఆలోచించే ముందే దగ్గర్లో పశువైద్యుడు ఎక్కడున్నారో, రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ ఏదో కనుక్కుని ఆ నంబరు ఫోన్లో పెట్టుకోండి. ఇంటికి తెచ్చిన మొదటి రోజే ఒకసారి చూపించండి. మొదట చెప్పుకున్న ఆ నాలుగైదు రోజులు చాలావరకు అక్కడే దాటిపోతాయి.