పేటలో తయారైన గొంతు

దళిత ఉద్యమ చరిత్రలో మనం ఉపన్యాసాలు లెక్కపెడతాం, కరపత్రాలు వెతుకుతాం. ఆ మాటల్ని వినిపించిన ఆంప్లిఫయరును పట్టించుకోం. 1917 నవంబరులో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో పంచమ మహాసభ జరిగేనాటికి సభలకింకా మైకు రాలేదు, గొంతే ఆధారం. 1948లో బెజవాడలో రేడియో కేంద్రం మొదలైంది గానీ ఆ మైకు సర్కారుది.

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత పేటపేటనా సభలు జరిగాయి. అద్దె మైకు సెట్టు ఊళ్ళోవాడిది. ఊరిని కాదని పేటకిస్తాడా? సొంత సెట్టు కట్టుకోవడం ఇక్కడే రాజకీయమవుతుంది.

2ఎన్3055 ట్రాన్సిస్టర్లు రెండు, వేడి లాగే అల్యూమినియం రేకు, ట్రాన్స్‌ఫార్మర్లు, 12 వోల్టుల బ్యాటరీ ఉంటే కరెంటు లేకున్నా పలుకుతుంది. బాగా పలికించడమే విద్య. బయాస్ తగ్గితే సన్నని మాట గరగరలాడుతుంది, పెరిగితే ట్రాన్సిస్టరు కాలుతుంది. మీటరు చూస్తూ, చెవి పెట్టి వింటూ ప్రీసెట్‌ను కొంచెం కొంచెంగా తిప్పాలి. డప్పును మంటకు కాచి శ్రుతి చూసే చెవికి ఇది కొత్త పనేం కాదు. డప్పు కాచడాన్నీ ఎవరూ విద్య అనలేదు.

ఈ పెట్టెలు పాతసామాన్లకు పోకముందే, వాటిని కట్టినవాళ్ళ మాటలు రాసుకోవాలని మేం అడుగుతున్నాం. అదీ మన చరిత్రే.