ఖేతీ ఉపదేశము

నైలునదిపై ఒక పడవ ఏటికెదురుగా, దక్షిణమునకు సాగుచుండెను. అందు ఖేతీ యను తండ్రియు, పేపీ యను నతని కుమారుడును కూర్చుండిరి. అధికారుల బిడ్డలు చదువుకొను రాజధానిలోని లేఖకపాఠశాలలో కొడుకును చేర్చుటకై పోవుచు ఆ తండ్రి త్రోవలో చేసిన హితబోధయే ప్రాచీన ఈజిప్టు నీతివాఙ్మయమున ‘ఖేతీ ఉపదేశము’గా ప్రసిద్ధి గాంచినది. 12వ రాజవంశకాలమున పుట్టినదని పలువురు పండితులు తలంచు ఈ గ్రంథమునకు ఆధునికులు ‘వృత్తుల అధిక్షేపము’ అని పేరిడిరి.

లేఖకుని కలమునకు మించిన జీవనోపాధి లేదని కొడుకునకు నచ్చజెప్పుటకై ఖేతీ ఒక్కొక్క వృత్తినే కన్నులకు గట్టించెను. కొలిమి వాతనుండు కంచరి వ్రేళ్లు మొసలితోలువలె గరుసెక్కును. అతని ఒడలు చేపగ్రుడ్లకంటె నెక్కువగా కంపుగొట్టును. మంగలి ప్రొద్దుగ్రుంకువఱకు వీథివీథి తిరిగి గడ్డములు వెదకికొనును. రేవున బట్టలుదుకువానికి మొసలియే పొరుగు. దూరదేశమునకు పోవు వార్తాహరుడు సింహములకును పరదేశీయులకును వెఱచి, ముందే తన ఆస్తిని బిడ్డల కప్పగించును. ఇక సాలెవాడో, మోకాళ్లు కడుపున కానించుకొని, గాలియాడని మగ్గపుటింట దినమెల్ల ముడుచుకొని కూర్చుండి, ఒక్కమాఱు వెలుతురు చూచుటకై ద్వారపాలకునికి తన రొట్టె నీయవలసివచ్చును.

ఇవి పరిహాసమునకై వ్రాసిన చిత్రములందురు. కాని ఆ రొట్టెను తలచినపుడు నాకు నవ్వు రాదు. కాయకష్టమును తక్కువచేయ బూనినవాడే దానిని ఇంత దగ్గఱగా చూచెను. రాజశాసనములు విజయములను చెక్కి నిలిపినవి. గరుసెక్కిన వ్రేళ్లు ఈ బోధవలననే మనదాక వచ్చినవి.

శతాబ్దములపాటు పాఠశాల బాలురు తప్పులతడకలుగా దీనిని వ్రాసి వ్రాసి అక్షరములు నేర్చిరి. రాజసమాధులను తొలిచి చిత్రించిన పనివారి గ్రామము దైర్ అల్ మదీనాలో సైతము, సున్నపురాతి పెచ్చులపై వ్రాసిన దీని భాగములు దొరకినవి. ఉలి పట్టినవారి ఊరిలోనే ఉలికంటె కలము మేలను పాఠము వల్లింపబడెను.

మూడవ రామెసీసు ఏలుబడి 29వ ఏట ఆ ఊరివారికి కూలిగా రావలసిన ధాన్యము రాకపోయెను. వారు పని విడిచి, కావలిగోడలు దాటి, మూడవ తుత్మోసు ఆలయమువెనుక బైఠాయించిరి. ఆకలిదప్పులే తమ్మచటికి తెచ్చినవనియు, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదనియు, ఈ సంగతి ఫరోకు వ్రాసి పంపుడనియు అధికారులను గోరిరి. ఆ దినముల వృత్తాంతమును ఒక లేఖకుడు పపైరసుపై వ్రాసియుంచగా, అది నేటికిని ఇటలీలోని తూరిన్ నగరమున భద్రముగా నున్నది. తన బిడ్డను కష్టమునుండి తప్పింపవలెనని ఖేతీ ఏ కలమును గోరెనో, ఆ కలముతోనే తమ ఆకలిని వ్రాయుడని కష్టజీవులు అడిగిరి, అది వ్రాసినది.