భద్రాద్రి సీమ వేసవి వేడుకలు

ఖమ్మము మెట్టపొలములు దాటి, పాల్వంచ మీదుగా గోదావరి యొడ్డునకు చేరుకొలది టేకు, ఇప్ప, తునికి చెట్లు దట్టమగు ఈ సీమలో, పంటలు ఇల్లు చేరి, తొలకరికి ఇంకను వ్యవధి యుండెడి చైత్ర వైశాఖములే తరతరములుగా ఆటపాటలకు అదను.

ఈ వేడుకలకు నాంది ఫాల్గుణ పూర్ణిమ. నాడు భద్రాచలమున డోలోత్సవము జరుపుచు, రాబోవు సీతారామ కల్యాణమునకు తలంబ్రాలు కలుపుదురు. ముత్తైదువలు రోళ్లలో పసుపుకొమ్ములు దంచుచుండగా, బియ్యమున పసుపును, గులాలును, నేతిని, సుగంధద్రవ్యములను చేర్తురు. శ్రీరామనవమికి ముందునాటి సాయంకాలము ఎదురుకోలు. అర్చకులే రెండు పక్షములై, ఒకరు రఘువంశమును, ఒకరు జనకుని వంశమును ఆకాశమున కెత్తుచు, ఎదుటివారిని ఎత్తిపొడుచుచు వాదమునకు దిగగా, వియ్యాలవారి చమత్కారములకు ఆరుబయట కూర్చున్న జనమెల్ల విరగబడి నవ్వును. క్రతువని పేరే కాని, ఇంతకు మించిన వీధినాటకము వేరొకటి గలదా? మరునాటి మధ్యాహ్నము అభిజిల్లగ్నమున మిథిలా మంటపములో కల్యాణము. నేలకొండపల్లిలో జన్మించి, పాల్వంచ పరగణా తహశీల్దారై, 17వ శతాబ్దిలో ఈ కోవెల కట్టించి గోలకొండ చెరసాల పాలైన కంచెర్ల గోపన్న కీర్తనలు భజనగోష్ఠులలో తెల్లవార్లు మ్రోగును. గోలకొండ ఏలిక తానీషా నాటిదని చెప్పెడి ముత్యాల తలంబ్రాల మర్యాదను నేటి ప్రభుత్వమును పాటించుచున్నది.

ఇదే ఋతువున అడవిలోను సందడియే. రాత్రి రాలిన ఇప్పపూవును ఎండ ముదరక మునుపే ఏరుకొనుటకై, ఇచ్చటి ఆదివాసులగు కోయలు చెట్టు క్రింది ఆకులలములను ముందుగనే ఊడ్చి నేలను శుభ్రపరచి, వేకువనే బుట్టలతో బయలుదేరుదురు. రేలచెట్లు పసుపుపచ్చని గుత్తులు వ్రేలాడదీయు ఆ దినములలోనే, విత్తు నేలబడక మునుపు వచ్చు భూమి పండుగకు, స్త్రీలు ఒకరి భుజముపై నొకరు చేయి వైచి వలయముగా రేలపాటలు పాడుచు ఆడుదురు. పురుషులు అడవిదున్న కొమ్ములును నెమలియీకలును తలదాల్చి, మెడను డోలు తగిలించుకొని అడుగు వేయుదురు.

ఏలికలు ఈ నేలను పలుమారులు పంచుకొనిరి. 1860లో నిజాము ఆంగ్లేయుల కిచ్చిన భద్రాచలము తాలూకా, 1874లో మధ్యపరగణాల నుండి గోదావరి జిల్లాకును, 1959లో ఖమ్మము జిల్లాకును మారెను; 2014లో పట్టణము తెలంగాణమున నిలువగా, చుట్టునున్న పల్లెలు పెక్కు ఆంధ్రప్రదేశమున కలిసెను. 1965లో వంతెన పడుదనుక గోదావరిని పడవలపై దాటి వచ్చిన యాత్రికులకు గాని, కొండదారిని నడచి వచ్చిన కోయలకు గాని, నవమి తిథి యొక్కటే.

నేడు కొమ్ముకోయ యనబడు ఈ కొమ్ముల నృత్యమును ఏ మాసమున నైనను, సర్కారు సభలలో అతిథుల రాకకై, కొన్ని నిమిషములకు కుదించి ఆడించుచున్నారు. కళాకారులకు నాలుగు రూకలు దక్కుట మంచిదే. కాని విత్తనముల వేళతోడను, ఇప్పపూల వేకువతోడను పొత్తు వీడిన ఆ యాటలో చూచువారికి వేషము కనబడును గాని, ఏల ఆడుచున్నారో తెలియరాదు. ఆ నృత్యమును నిజముగా ఎరుగగోరువారు, ఎండకు వెరవక, వేసవిలోనే గూడెమునకు పోవలయును.