రాసినా గీసినా ఒకటే

నవాబుపేటలో కొత్తగా దుకాణం పెట్టినాయన "బోర్డు రాయించాలె" అంటాడు. అది కుంచెతో, రంగుతో జరిగే పని. అక్షరాల పక్కన వినాయకుడో, పూలకుండో కూడా ఉంటుంది. అయినా మొత్తానికి క్రియ ఒక్కటే, రాయడం. అదే వినాయకుణ్ణి విడిగా కాగితం మీద వేస్తే మాత్రం "బొమ్మ గీసిండు" అంటారు. చెయ్యి అదే, క్రియ మారింది.

పాత తెలుగులో ఈ పంపకం లేదు. 'వ్రాయు' అంటే అక్షరాన్ని వ్రాయడమూ, చిత్తరువును వ్రాయడమూ. బ్రౌన్ నిఘంటువు రెండర్థాలనూ ఇచ్చింది. పురాణ కథలో ఉష కలలోకి వచ్చినవాణ్ణి గుర్తుపట్టడానికి రాజకుమారుల రూపాలన్నీ చిత్రించి చూపిన చెలికత్తెను చిత్రరేఖ అన్నారు, చిత్రలేఖ అనీ అన్నారు. సంస్కృత 'లిఖ్' ధాతువుకు గీకడం, రాయడం, చిత్రించడం మూడూ అర్థాలే. గ్రీకుల 'గ్రాఫో' కూడా రాతకూ బొమ్మకూ చెల్లుతుంది. మొదట గోటితోనో ములుకుతోనో ఒక గీటు పెట్టడం ఉంది. అది అక్షరమా, ఆకారమా అన్న తగవు తరవాతిది.

మన మాటకు దాయాదులు పక్కనే ఉన్నారు. తమిళంలో 'వరై', కన్నడంలో 'బరె'. మూలంలో మొదటి హల్లుకూ రేఫకూ నడుమ ఉన్న అచ్చు తెలుగులో వెనక్కి జరిగి, రెండు హల్లులూ జంటకట్టాయి. తమిళ 'విరల్' మనకు 'వ్రేలు' అయిందీ ఈ దారినే. ఆ తరవాత 'వ్రేలు' రేఫను వదులుకుని 'వేలు' అయితే, 'వ్రాయు' వకారాన్ని వదులుకుని 'రాయు' అయింది. తాండూరు దాటి సేడం వైపు పోతే కన్నడం మొదలవుతుంది. వాళ్లు ఉత్తరానికీ 'బరె' అంటారు, బొమ్మకూ 'చిత్ర బరె' అంటారు. మనం మాత్రం అక్షరానికి 'రాయి', బొమ్మకు 'గీయి', రంగులకు 'వెయ్యి' అని వాటాలు వేసుకున్నాం. తలరాతలో మాత్రం పాత పొత్తు మిగిలింది. నుదుటి మీద కనిపించేవి గీతలు, మనం చెప్పుకునేది రాత.

ఈ వాటాల వల్ల ఒక చిక్కు వచ్చింది. రెండు పనులూ చేసినవాణ్ణి ఏమనాలో తెలియక 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అన్నాం. అలాంటివాడే బెల్జియంలోని ఫ్లెమిష్ రచయిత హ్యూగో క్లౌస్ (1929–2008). ఆయన కవిత్వం, నవల, నాటకం రాశాడు, బొమ్మలు వేశాడు, సినిమాలు తీశాడు. మనకు అడివి బాపిరాజు (1895–1952) ఉన్నాడు. రాజమండ్రి కళాశాలలో ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహం పొంది, బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటోపాధ్యాయ దగ్గర చిత్రకళ నేర్చాడు. 'నారాయణరావు', 'హిమబిందు', 'గోన గన్నారెడ్డి' నవలలు రాశాడు. హైదరాబాదు వచ్చి 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకుడయ్యాడు. ఆయన చిత్రాల్లో ఒకదాని పేరు 'శబ్దబ్రహ్మ'. మాటను రంగుల్లో పెట్టినవాడికి ముఖాలు ఎన్నని లెక్కపెడతాం? 'హిమబిందు'లో నగలూ చీరలూ శిల్పాలూ కథను ఆపి మరీ కనబడతాయని విసుక్కునేవాళ్లుంటారు. చిత్తరువు వ్రాసే చెయ్యే వాక్యమూ వ్రాస్తున్నదని గుర్తుంటే ఆ విసుగు తగ్గుతుంది. కవి, నవలాకారుడు, చిత్రకారుడు శీలా వీర్రాజు (1939–2022) కూడా ఈ కోవవాడే.

'బహుముఖ' అన్న మాట మనిషిని ముక్కలు చేసి, ముక్కలను లెక్కపెట్టి మెచ్చుకుంటుంది. 'వ్రాయు' ఆ ముక్కలు చేయదు. దాని దృష్టిలో బాపిరాజు రెండు కళలు చేతనైనవాడు కాడు, ఒక క్రియను పూర్తిగా వాడుకున్నవాడు. ఈ మెప్పు చిన్నదిగా కనిపించవచ్చు గాని, నిజానికి దగ్గరిది.

కాబట్టి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఏ పిల్లవాడైనా "బొమ్మ రాసిన సార్" అంటే తప్పని దిద్దకండి. అది పాత తెలుగు.