వినికిడి నీడలో పెరిగిన స్పీచ్ థెరపీ చదువు

స్పీచ్ థెరపీ చదువు మన దేశానికి ఎలా వచ్చిందో చెప్పేవాళ్లందరూ ఒకే దారి చూపిస్తారు. అమెరికాలో పుట్టింది, 1965లో మైసూరు చేరింది, అక్కడి నుంచి సికింద్రాబాదుకు పాకింది. తేదీల్లో తప్పు లేదు. కానీ ఈ కథంతా విన్నాక కూడా అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. యానాంలో పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దాయనకు, ఆయన తెలుగులోనే మాట తిరిగి పట్టించగల శిక్షణ ఉన్న మనిషి దొరకడం ఇన్నేళ్ల తర్వాత కూడా ఎందుకింత కష్టం? చదువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే చాలదు. వచ్చాక దాన్ని ఏ అవసరం మలిచిందో చూడాలి.

తొలి దశలు తెలిసినవే. అమెరికాలో ఈ వృత్తి వాళ్ల సంఘం 1925లో ఏర్పడింది. బ్రిటన్‌లో స్పీచ్ థెరపిస్టుల కాలేజీ 1945లో మొదలైంది. ఫ్రాన్స్ 1964 జూలైలో చట్టం చేసి ఈ చదువుకు ప్రభుత్వ గుర్తింపు ఇచ్చింది. యానాం 1954లోనే ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది, 1962లో చట్టరీత్యా భారత్‌లో కలిసింది. అందువల్ల ఫ్రెంచివాళ్ల ఇతర చదువుల ఆనవాళ్లు ఇక్కడ మిగిలినా, ఈ చదువు మాత్రం ఆ దారిన రాలేదు.

మైసూరులో వెలిసిన వాక్, శ్రవణ సంస్థ 1966లో ఎమ్మెస్సీ, ఆ తర్వాత 1968లో బీఎస్సీ మొదలుపెట్టింది. ముందు పాఠం చెప్పేవాళ్లు కావాలి కాబట్టి పై మెట్టు ముందు కట్టారు. 1967లో మన దేశంలోనూ వృత్తి సంఘం వచ్చింది. ఇదంతా అమెరికా నకలు అనేవాళ్లతో నేను ఏకీభవించను. అక్కడ వినికిడి నిపుణులకూ మాట నిపుణులకూ అర్హతా పత్రాలు వేరు. ఫ్రాన్స్‌లో అవి పూర్తిగా వేర్వేరు వృత్తులు. మనవాళ్లు రెంటినీ ఒకే డిగ్రీలో కలిపారు. జిల్లా ఆసుపత్రిలో ఒక్క పోస్టు దొరకడమే గగనమైన రోజుల్లో చెవినీ నోటినీ ఒక్కరే చూడగలగాలి. అది ఇక్కడి పేదరికాన్ని చూసి ఇక్కడే చేసుకున్న ఏర్పాటు. ఆనాటికి అదే సబబు.

అయితే జోడెద్దుల్లో ఒకదానికే మేత ఎక్కువ దొరికింది. అందుకు మైసూరు కంటే చట్టానికే ఎక్కువ బాధ్యత ఉందని నా వాదన. 1977లో సికింద్రాబాదులో స్వీకార్ సంస్థ వచ్చింది. 1983లో బొంబాయిలో అలీ యావర్ జంగ్ సంస్థ పుట్టింది, తర్వాత దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో వెలిసింది. తెలుగు విద్యార్థులకు సొంత గడ్డ మీద చదువు దొరికింది. 1992 నాటి పునరావాస మండలి చట్టం ఈ వృత్తికి రిజిస్ట్రేషన్ తెచ్చింది. ఆ వెంటనే వచ్చిన 1995 వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను లెక్కించింది. వాటిలో వినికిడి లోపం ఉంది. మాట, భాషా వైకల్యం లేదు.

దాని ఫలితం ఆసుపత్రి గదిలో కనిపిస్తుంది. పెన్షన్‌కో, బస్సు పాసుకో వినికిడి లోపం సర్టిఫికెట్ కావాలంటే వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ కావాలి. తర్వాత వైకల్య ధ్రువీకరణకు సదరం క్యాంపులు వచ్చినప్పుడూ వరసలో నిలబడ్డవాళ్లకు కావలసింది ఆ కాగితమే. ఆరోగ్యశ్రీలో పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు చేరాక వినికిడి శిక్షణ ఇచ్చేవాళ్లకు గిరాకీ పెరిగింది. నత్తికీ, పక్షవాతంతో మాట పడిపోయే అఫేసియాకీ అప్పట్లో అలాంటి కాగితం గానీ ప్యాకేజీ గానీ లేదు. సిలబస్‌లో అవి మొదటి నుంచీ ఉన్నాయి, మైసూరులో వాటిని శ్రద్ధగానే చెప్పారు. కానీ డిగ్రీ పట్టుకుని బయటికొచ్చిన మనిషి రోజంతా ఏం చేస్తాడో నిర్ణయించేది సిలబస్ కాదు, పోస్టు. వినికిడికి దక్కిన ఈ ప్రాధాన్యం వేలమంది పిల్లలకు మాటలు తెప్పించిందన్నదీ నిజమే. దాన్ని తగ్గించమని నేను అనడం లేదు. రెండోదానికి సమాన శ్రద్ధ దక్కలేదన్నదే నా బాధ.

రెండో కారణం భాష. మైసూరు క్లినిక్‌లో విద్యార్థి చేయి తిరిగేది ఎక్కువగా కన్నడ రోగుల మీద. పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషువి. ఇంగ్లీషు రోగి చిన్న చిన్న పదాలు జారవిడుస్తాడని పుస్తకం చెబుతుంది. మన పెద్దాయన “వెళ్ళలేకపోయాను” అనబోయి “వెళ్ళ… వెళ్ళ…” దగ్గరే ఆగిపోతాడు. చేతకానితనం, కాలం, ‘నేను’ అన్న గుర్తు అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నాయి. ఎక్కడ తెగిందో పట్టుకోవాలంటే తెలుగు క్రియను విప్పి చూడటం రావాలి. పిల్లల విషయంలోనూ అంతే. “గద్ద”ను “గద” అనే నాలుగేళ్ల పిల్లవాడికి సాయం కావాలేమో చూడాలి. “బాణం”ను “బానం” అనే పిల్లవాడు మాత్రం ఇంట్లో విన్నదే అంటుండవచ్చు. అది యాస, జబ్బు కాదు.

ఈ జ్ఞానం మన దగ్గర లేక కాదు. తెలుగు పిల్లలు జంట హల్లులు ఎలా నేర్చుకుంటారో వివరిస్తూ చేర్వెల నిర్మల 1981లోనే పరిశోధనా వ్యాసం ప్రచురించారు. ఉస్మానియా భాషాశాస్త్ర శాఖలో దుగ్గిరాల వసంత అఫేసియా మీదా బధిరుల భాష మీదా పనిచేశారు. కానీ భాషాశాస్త్ర శాఖకూ థెరపీ క్లినిక్‌కూ మధ్య దారి పడాల్సినంత వెడల్పుగా పడలేదు.

ఇప్పటి పరిస్థితి మెరుగే, కానీ సంతృప్తి పడేంత కాదు. 2016 చట్టం మాట, భాషా వైకల్యాన్ని ఎట్టకేలకు గుర్తించింది. ఎమ్మెస్సీ రెండుగా విడిపోయి స్పీచ్ పాథాలజీకి సొంత పీజీ దక్కింది. అయినా పేరున్న పాత సంస్థలు రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో ఉండిపోయాయి. యానాం విద్యార్థికి సొంత పాలనా కేంద్రం తమిళం మాట్లాడే పుదుచ్చేరి. చుట్టూ ఉన్నది గోదావరి తెలుగు. పాలన ఒకచోట, పలుకు మరోచోట.

డిగ్రీ చివర ఏడాది ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉంది. అందులో కొన్ని నెలలు కాకినాడ జీజీహెచ్‌లోనూ, 2024లో యానాంలో ప్రారంభమైన జిప్మర్ యూనిట్‌లోనూ, తెలుగు రోగుల దగ్గరే గడపాలని నిబంధన పెట్టాలి. పీజీ విద్యార్థి ఒక్క తెలుగు పరీక్షనైనా గోదావరి పలుకుబడితో సరిచూసి వెళ్లాలి. కొత్త సీట్ల కోసం అర్జీలు పెట్టేవాళ్లు ఈ రెండు షరతులనూ అదే అర్జీలో రాయాలి. లేకపోతే పట్టాలు పెరుగుతాయి గానీ మాట పడిపోయినవాళ్ల ఇంట్లో తేడా ఏమీ రాదు.