ఆటగాడు ఒజ్జయైన వృత్తాంతము



మన వార్షిక సంచికయందు కులవృద్ధుల జీవితములును, విద్యానిధికి విరాళము లొసంగిన దాతల చరిత్రములును ప్రకటించుట ఆచారమై యున్నది. నేను వ్రాయబూనినది మన కులమువాడు గాని, దాత గాని కాని యొక ముసల్మాను బడిపంతులు చరిత్రము. సంపాదకవర్గమువారు మొదట నవ్విరి. పిదప విని, వ్రాయుమనిరి. ఈ చరిత్రము మన నారాయణగూడ పొరుగుననే ప్రారంభమైనది. మన వసతిగృహమున నుండి చదువుకొను బాలురకు దీనితో గల సంబంధమును కడపట మనవి చేసికొందును.

నేడు చిక్కడపల్లినుండి అశోకనగరమువరకు నడచినచో గోడగోడకు ‘కోచింగు’ అను మాట కానవచ్చును. ఉద్యోగపరీక్షలకు పాఠములు చెప్పువారి పలకలవి. అచ్చటినుండి నారాయణగూడ వై.ఎం.సి.ఏ. ఆవరణమునకు వచ్చి, సాయంకాలమున బాస్కెట్‌బాల్ ఆడు బాలుర నడిగినచో, కోచి యనగా మెడలో ఈల వ్రేలాడు ఆటల శిక్షకుడని చెప్పుదురు. బడి కొకడు, బయలునకు వేరొకడు అని మనము భావించుచున్నాము. ఈ భేదము కృత్రిమము. ఆ బాస్కెట్‌బాల్ ఆటయే ఒక ఉపాధ్యాయుని కల్పన. 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు వై.ఎం.సి.ఏ. శిక్షణశాలయందు, చలికాలమున విద్యార్థులకు గదిలో ఆడదగిన యాట కావలసివచ్చి, జేమ్సు నైస్మిత్తు అను పంతులు పండ్లబుట్టలు రెండు బాల్కనీకి గొట్టించి 13 నియమములు వ్రాసెను. చిత్రమేమనగా, ఆట సృష్టించిన యా మహాశయుడు పిదప కాన్సాసు విశ్వవిద్యాలయమున జట్టును నడిపి, 55 ఆటలు గెలిచి 60 ఓడెను. ఆట నెఱుగుట యొకటి, ఆట నేర్పి గెలిపించుట వేరొకటి. ఈ రెండును గలవాడు మన నగరమున నొకడుండెను.

ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీం గారు. నగరవాసులకు రహీం సాహెబు. 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బి.ఏ. చదివి, ఆ కళాశాల జట్టున ఫుట్‌బాల్ ఆడిరి. పిదప ఆ విశ్వవిద్యాలయపు పూర్వవిద్యార్థులును, అప్పటి విద్యార్థులును గూడి యేర్పఱచుకొన్న ‘ఇలెవెన్ హంటర్సు’ జట్టున ఆడిరి. ఆ దినములలో మన దేశమున ఆటయే కూడు పెట్టునది కాదు. పగలు కొలువు, సాయంకాలము బంతి. రహీం గారి కొలువు ఉపాధ్యాయత్వము. ఆయన పనిచేసిన పాఠశాలలలో కాచిగూడ మాధ్యమిక పాఠశాల యొకటి, చాదర్‌ఘాటు ఉన్నత పాఠశాల యొకటి. ఈ రెండును నారాయణగూడనుండి నడచిపోదగినవే. బోధన చేయుచునే వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, బడిలో ఆటల బాధ్యతను గూడ వహించిరి. ఆటగాడుగా ఆయన సామర్థ్యమును సమకాలికులు మెచ్చుకొనిరే కాని, ఆయన కీర్తి కాలిచే వచ్చినది కాదు, నల్లబల్లయొద్ద నిలిచినవాని బుద్ధిచే వచ్చినది.

1940 తరువాతి తొలి సంవత్సరములలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, మరణపర్యంతము ఆ పదవియం దుండిరి. అప్పుడు ఆయన కొక చిక్కు ఎదురయ్యెను. మన బాలురకు బంతిని కాలినంటించుకొని, ముగ్గురు నలుగురిని తప్పించుకొని పోవు నేర్పు మెండు. చూచువారికి ముచ్చట. కాని తోడివాడు ఖాళీగా నిలిచియుండగా, బంతి మాత్రము ఒక్కని కాళ్ళనడుమనే తిరుగుచుండెడిది. దీనికి మందేమి? ఉపన్యాసమిచ్చినచో బాలురు తల యూపి, మఱునాడు మరల అట్లే యాడుదురు. రహీం గారు ఉపన్యాసము మాని నియమమును మార్చిరి. డ్రిబ్లింగు నిషిద్ధమైన పోటీలు పెట్టించిరి. బంతిని వెంటనే ఇంకొకరి కందింపవలె, తన యొద్ద నుంచుకొని పరుగిడరాదు.

ఈ యుపాయము చూచుటకు చిన్నది. కాని దాని పనిని గమనింపుడు. బంతిని నిలుపుకొనరాదన్నచో, అది తనకు జేరకమునుపే ఎవరికి పంపవలెనో బాలుడు చూచుకొనవలసినదే. తక్కినవారును ఊరక నిలువరాదు, బంతి యందుకొనదగిన చోటికి పరుగెత్తవలసినదే. ఒక్క నియమముతో పదునొకండుగురి కన్నులును కాళ్ళును మేలుకొనును. అట్లే వాటము కాని కాలితోనే ఆడవలసిన పోటీలును జరిపించిరి. కుడికాలివాడు ఎడమకాలితో ఆడునప్పుడు మొదట నగుబాటు. కొన్నినాళ్ళకు రెండు కాళ్ళును చక్కబడును. వ్యాకరణము చెప్పు పంతులు విద్యార్థి తప్పులను జూచి అందుకు తగిన అభ్యాసము కట్టినట్లు, ఈయన ఆటలోని తప్పునకు తగిన ఆటను కట్టిరి. నా యభిప్రాయమున రహీం గారి ప్రతిభ యంతయు ఇచ్చటనే కలదు, తరువాతి పతకము లన్నియు దీని ఫలములు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చినపిదప దేశ మంతయు చూచినది. 1950నుండి 1954వఱకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచిరి. 1950లో ఢిల్లీలో డ్యూరాండు కప్పును గూడ తెచ్చిరి. పేదయింటి కుఱ్ఱవానికి పోలీసు కొలువనగా నెలజీతము, కడుపునకు తిండి, సాయంకాలమున ఆడుటకు సెలవు. కొలువు లేనిచో ఆ నైపుణ్యము గల్లీలోనే అణగిపోయెడిది. గురువు విద్య నిచ్చెను, పోలీసు శాఖ కూడు పెట్టెను. ఈ రెంటిలో నేది లేకున్నను ఆ యయిదు కప్పులు లేవు. దాతలగు పాఠకులు ఈ వాక్యమును జ్ఞాపకముంచుకొనగోరెదను.

భారతజట్టు శిక్షణభారమును ఆయనకే అప్పగింపబడెను. 1951లో ఢిల్లీలో జరిగిన ప్రథమ ఏసియా క్రీడలలో ఇరాను జట్టును 1-0తో ఓడించి స్వర్ణపతకము గొనిరి. మఱుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సున యుగోస్లావియా చేతిలో 10-1తో పరాభవము. మనవారిలో పలువురు అప్పటికిని బూట్లు లేక ఆడుచుండిరి. ఆ చలిదేశపు నేలపై వట్టికాళ్ళ నేర్పు పనికిరాలేదు. ఈ యోటమి తరువాత ఫుట్‌బాల్ సమాఖ్యవారు బూట్లు తప్పనిసరి చేసిరి. ఓటమినుండి పాఠము నేర్చుకొనుటయు గురులక్షణమే. 1950 తరువాతి దశకమున హంగరీ మొదలగు దేశములవారి నూతన వ్యూహములను రహీం గారు శ్రద్ధతో పరిశీలించి, నలుగురు వెనుక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలుచు 4-2-4 పద్ధతిని మనవారికి నేర్పిరి.

1956లో మెల్బోర్ను ఒలింపిక్సున భారతజట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించెను. ఆనాడు నెవిల్ డిసౌజా మూడు గోలులు వేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాలున సెమీఫైనలు చేరిన తొలి ఏసియా దేశము మనదే. పిదప యుగోస్లావియాకు 4-1తోను, బల్గేరియాకు 3-0తోను ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. ఆ జట్టున హైదరాబాదు, సికింద్రాబాదులవారు పలువురు గలరు. వారిలో తులసీదాసు బలరాం సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పేదకుటుంబమున జన్మించినవాడు. 1960లో రోమున హంగరీకిని, పెరూకును ప్రతిగా గోలులు వేసినవాడు ఆతడే. ఆ రోమునందే మనవారు ఫ్రాన్సుతో 1-1గా సమముగా నిలిచిరి.

ఇక 1962, జకార్తా. అప్పటికి రహీం గారి దేహమును క్యాన్సరు పీడించుచుండెను. తొలియాటలో దక్షిణ కొరియా 2-0తో మనవారిని ఓడించెను. పిదప థాయిలాండును, జపానును గెలిచిరి. రక్షణస్థానమున ఆడు జర్నైల్ సింగునకు తలపై గాయమై కుట్లు పడెను. మఱియొకడైనచో ఆతనిని కూర్చుండబెట్టెడివాడు. రహీం గారు ఆతనిని వెనుకనుండి తీసి ముందువరుసలో నిలిపిరి. సెమీఫైనలున దక్షిణ వియత్నామును 3-2తో గెలిచి ఫైనలు చేరిరి. ఎదుట మరల కొరియాయే. సెప్టెంబరు 4వ తేదీన క్రీడాంగణమున దాదాపు లక్షమంది, వారందఱును మనకు ప్రతికూలురే. ఇజ్రాయేలు, తైవాను దేశములను క్రీడలకు రానీయకుండుటను భారతప్రతినిధి జి.డి. సోంధీ గారు ఆక్షేపించినందున, ఆ నగరమున మన దేశముపై ఆగ్రహము ప్రబలి, మన రాయబార కార్యాలయముపై దాడియు జరిగియుండెను. గోలురక్షకుడు పీటర్ తంగరాజు జ్వరమునుండి అప్పుడే లేచినవాడు. అట్టి స్థితిలో పి.కె. బెనర్జీ యొకటి, తలకు కట్టుతో జర్నైల్ సింగు ఒకటి గోలు వేసిరి. కొరియావారు కడపట ఒకటి తీర్చిరి. 2-1తో స్వర్ణము మనదయ్యెను.

తొమ్మిది నెలలు గడచినవి. 1963వ సంవత్సరము జూను 11వ తేదీన రహీం గారు పరమపదించిరి. వయస్సు 53 సంవత్సరములు.

క్రీడాగురువులకు ప్రభుత్వము ద్రోణాచార్య పురస్కారమును నెలకొల్పినది 1985లో. ఆయన పోయి అప్పటికి 22 ఏండ్లు. అయినను శిష్యపరంపర నిలిచినది. 1970లో బాంకాకున కాంస్యము గెలిచిన జట్టు శిక్షకులలో నొకడు ఆయన శిష్యుడు పి.కె. బెనర్జీ. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీను మన నగరమువాడే, సిటీ పోలీసు జట్టున పెరిగినవాడే. ఆయన తరువాత శిక్షకుడై 1990లో ద్రోణాచార్య పురస్కారము పొందెను. రహీం గారి కుమారుడు ఎస్.ఎస్. హకీము రోము ఒలింపిక్సు జట్టులోనివాడు. పిదప శిక్షకుడుగను, అంతర్జాతీయ రెఫరీగను పనిచేసి 2021లో మరణించెను.

ఇంతటి పరంపర యుండియు నగరమున ఆట యేల క్షీణించినది? హైదరాబాదు 1956-57లోను, 1957-58లోను సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆంధ్రప్రదేశము 1966లో కడపటిసారి గెలిచినది. 1970 తరువాత ఏసియా క్రీడల ఫుట్‌బాలున భారతదేశమునకు పతకమే లేదు. క్రికెట్టు వచ్చి మ్రింగినదని కొందఱు, మైదానములు ఇండ్లైనవని కొందఱు చెప్పుదురు. రెండును కొంత నిజమే. కాని నాకు తోచిన ముఖ్యకారణము వేరు. రహీం గారు చేసినదంతయు ఒక్క మనిషి శరీరముపై నడచినది. బడిలో పాఠము, సంఘమున కార్యదర్శిత్వము, పోలీసు జట్టు, దేశపు జట్టు, అన్నియు ఆయనయే. ఆయన పద్ధతిని పదిమంది పంతుళ్ళకు నేర్పి, వారికి జీతమిచ్చి, బడిబడికి పంపు సంస్థను ఎవరును కట్టలేదు. కప్పులను అద్దాల బీరువాలో పెట్టితిమి, కప్పులు తెచ్చిన విద్యను గాలికి వదలితిమి. శిష్యులలో పేరుగన్న శిక్షకులు పలువురు కలకత్తాలో కొలువు వెదకుకొనిరి.

ఇక మన మాట. ప్రతి మహాసభయందును పతకము తెచ్చిన బాలునకు శాలువ కప్పుచున్నాము, నూటపదార్లు చేతబెట్టుచున్నాము, ఛాయాపటము తీయించుచున్నాము. మంచిదే. నేనును ఆ వేదికపై చప్పట్లు కొట్టినవాడనే. కాని ఆ బాలుని తెల్లవారుజామున లేపి పరుగెత్తించినవాడు ఆ సభలో ఏ వరుసన కూర్చున్నాడో ఎవరును అడిగినవారు లేరు. నాకు తెలిసిన యొక ఆటలపంతులు కొన్నియేండ్లు జీతమునకు వెలితిపడి, తుదకు ఒక దుకాణమున లెక్కలు వ్రాయ కుదిరెను. ఆయన యొద్ద నేర్చినవారిలో ఇద్దఱకు మనమే శాలువలు కప్పితిమి.

మన వసతిగృహపు వెనుకనున్న ఖాళీ స్థలమున బాస్కెట్‌బాల్ స్తంభములు రెండు గలవు. ఒకదానికి వల లేదు. ఒక పూట ఆటల పంతులును నియమించి, ఆయన జీతమును విద్యానిధి వడ్డీనుండి నెలనెలా ఇచ్చుటకును, రెండేండ్లవరకు పతకముల కొఱకు ఆయనను ఒత్తిడి చేయకుండుటకును నేనొక తీర్మానమును వ్రాసి కార్యదర్శి గారి కందజేసితిని. అది రెండవనాటి సభలో, ధర్మశాల మరమ్మతు విషయము ముగిసినపిదప చర్చకు వచ్చును. భోజనమునకు లేచిపోక, దాతలు కొంతసేపు కూర్చుండవలెనని ప్రార్థించుచున్నాను.