ప్రవర చెప్పే ప్రోగ్రాం

కంకిపాడులో ఒక డీటీపీ షాపులో కూర్చుని మా అన్నయ్య కూతురి శుభలేఖ ప్రూఫు దిద్దుతున్నాను. పక్క సిస్టంలో షాపాయన కొడుకు, బీటెక్ కుర్రాడు, వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌ను నువ్వెవరని అడిగే లైనొకటి కొట్టి, "ఇది చదవండి బాబాయ్" అన్నాడు. మొజిల్లా, యాపిల్ వెబ్‌కిట్ 537.36, కేహెచ్‌టీఎంఎల్, గెకో లాంటిది, క్రోమ్, ఎలక్ట్రాన్, సఫారీ! పెళ్లిపీటల మీద ప్రవర చదివినట్టు తాతముత్తాతలందరినీ వల్లించేసింది.

అందులోని కేహెచ్‌టీఎంఎల్ 1998లో కేడీఈ బృందం లినక్స్ బ్రౌజరు కోసం రాసుకున్నది. దాని మీదే సఫారీ కట్టామని 2003లో యాపిల్ ప్రకటించింది. 2013లో గూగుల్ తన క్రోమ్ కోసం యాపిల్ వెబ్‌కిట్ నుంచి వేరు కాపురం పెట్టింది, 537.36 అంకె అక్కడే నిలిచిపోయింది. ఆ ఏడే గిట్‌హబ్‌లో చెంగ్ జావో క్రోమియంనూ నోడ్‌నూ జతకలిపి ఆటమ్ షెల్ మొదలుపెట్టాడు. వెబ్ పేజీలా రాసిందాన్ని విండోస్, మ్యాక్, లినక్స్‌లలో మామూలు ప్రోగ్రాంలా నడిపే ఆ గూడే 2015లో ఎలక్ట్రాన్ అయింది. వీఎస్ కోడ్ ఉండేదీ అందులోనే.

నా మనసు మాత్రం అంతకుముందటి మొజిల్లా రోజుల దగ్గరే ఆగుతుంది. అప్పట్లో ఫైర్‌ఫాక్స్ మెనూలూ బటన్లూ జూల్ అనే భాషలో, ఇంచుమించు వెబ్ పేజీ రాసినట్టే ఉండేవి. తెలిసినవాళ్లెవరైనా పొట్ట విప్పి కొత్త పనిముట్టు బిగించుకోవచ్చు. తెలుగు వికీపీడియాకు 2003లో నాంది పలికిన వెన్న నాగార్జున చేసిన 'పద్మ' అలాంటిదే. అప్పటి తెలుగు పత్రికల సైట్లకు ఎవరి ఫాంటు వాళ్లది. అది మన దగ్గర లేకపోతే తెర నిండా పిచ్చిగీతలే. పద్మ పెట్టుకుంటే అవి యూనికోడ్ తెలుగయ్యేవి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 ఆ పాత పొడిగింతలన్నిటికీ తలుపు మూసింది. భద్రత కోసమన్నారు, సబబే. కానీ మన అవసరానికి మనమే బ్రౌజరును మరమ్మతు చేసుకునే చనువు పోయింది. ఆ దిగులు నాకింకా తీరలేదు.

వెబ్ పేజీని ప్రోగ్రాంలా నడపడానికి మైక్రోసాఫ్ట్ 1999లో తెచ్చిన హెచ్‌టీఏ ఫైలు కొన్ని కిలోబైట్లతో సరిపెట్టుకునేది, విండోస్‌లోని బ్రౌజరునే వాడుకునేది గనుక. ఎలక్ట్రాన్ ప్రోగ్రాం ప్రతిదీ తన బ్రౌజరును తానే మోసుకొస్తుంది. వంద ఎంబీ దాటుతుంది. ఆ మూటలోనే అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ కూడా ఉంటుంది.

కుర్రాడు మా శుభలేఖ మొదటి మాటను యూనికోడ్ కాని 'అను' ఫాంటులోంచి కాపీ చేసి వీఎస్ కోడ్‌లో పెట్టాడు. పిచ్చిగీతలు! చెరిపేసి యూనికోడ్‌లో మళ్లీ కొట్టాడు. స్వస్తిశ్రీ. ఏ ఒత్తూ చెదరలేదు.